పొడుం డబ్బా సిద్ధాంతం

ఆ రోజుల్లో తెలివంతా నాకొక్కడికే పంచేసి దేవుడు చేతులు దులుపుకున్నాడని నా గట్టి నమ్మకం. రాజోలులో బడిపంతులుగా అప్పుడే చేరాను, అప్పుడే పెళ్లయింది, వేసవి సెలవులకి కొత్తపేటలో అత్తవారింటికి వెళ్లాను. భోజనాలయ్యాక వసారాలో చాప పరిచి మూడుముక్కలాట వేసేవారు. పందెం చింతపిక్కలే. ఎంతైనా కాయవచ్చు, హద్దు లేదు. నచ్చనివాడు ముక్కలు పారేస్తాడు, మిగిలినవాళ్లు విప్పి చూపించుకుంటారు. రెండో రోజుకే నేనో సిద్ధాంతం కనిపెట్టాను. చేతిలో ముక్కలు చూసుకోవడం పామరుల పని, చూడాల్సింది ఎదుటివాడి మొహం. మా మావగారు పొడుం డబ్బా తీశారంటే భయపడ్డారన్నమాట. అదే అదను. నా పిక్కల గుట్టంతా రెండు చేతులా ముందుకు తోసేసేవాణ్ణి. ఆయన ఓ పట్టు పీల్చి, "మీ ధాటికి ఆగలేమండీ అల్లుడుగారూ" అని ముక్కలు బోర్లా పడేసేవారు. ఆయన తమ్ముడూ అంతే, "ఆయ్, మా వల్ల కాదండీ" అనేవారు. నాలుగు రోజుల్లో ఇంట్లో పిక్కలన్నీ నావే. "మీవాళ్లు వట్టి పిరికివాళ్లు" అని మా ఆవిడ దగ్గర కోతలు కోస్తే, తను పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకునేది (ఏడుపు ఆపుకుంటోంది కాబోలు, పాపం, అనుకున్నాను).

అయిదో రోజు ఆలమూరు నుంచి మా తోడల్లుడుగారు దిగారు. పదేళ్ల పాత అల్లుడు. మూడాటలు చూసి, "పిక్కలతో మజా ఏముందండీ తమ్ముడుగారూ, సైకిలు కాయండి" అన్నారు. సైకిలంటే పెళ్లిలో ఒక పూటంతా అలిగి, ఆకలితో కళ్లు తిరుగుతున్నా బిగబట్టి సంపాదించిన సైకిలు. నా చేతిలో ఏడు, నాలుగు, రెండు. ఒక్కదానికీ ఇంకోదానితో చుట్టరికం లేదు. సరిగ్గా అప్పుడే మావగారు పొడుం డబ్బా తీశారు. ఇంకేం, తాళంచెవి చాప మీద పడేశాను. మావగారు పారేశారు. చినమావగారు పారేశారు. తోడల్లుడుగారు మాత్రం చేతి గడియారం విప్పి తాళంచెవి పక్కన పెట్టి, "ఏదీ, చూపించండి" అన్నారు. అలా అడిగే మనిషొకడు ఉంటాడని నా సిద్ధాంతంలో లేదు. ఆయన దగ్గర అయిదుల జత ఉంది.

గంట మోగించుకుంటూ ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, గుండె చెరువై వసారాలోకొచ్చాను. మావగారు పారేసిన ముక్కలు ఊరికే తిరగేశాను. మూడూ రాజులే. "ఇదేమిటండీ మావయ్యగారూ?" అన్నాను. "కొత్త అల్లుణ్ణి ఓడిస్తే మర్యాదా అండీ? మంచి ముక్కలొస్తే నాకు నవ్వాగదండీ, అందుకే పొడుం డబ్బా తీస్తాను" అన్నారు. మరి తోడల్లుడుగార్ని అడిగారా ఆ మర్యాద సంగతి, అన్నాను ఉక్రోషంగా. "ఆయన కూడా మీలాగే గెలిచేరండీ, పదేళ్ల కిందట" అన్నారు. పడవలో రాజోలు చేరేదాకా మా ఆవిడ నవ్వుతూనే ఉంది, ఈసారి చెంగు అడ్డం పెట్టుకోకుండా.

మొన్న మా కొత్త చిన్నల్లుడు వచ్చాడు, కొత్త స్కూటరు మీద. నా చేతిలో మూడు ఆసులు పడ్డాయి. నాకు పొడుం అలవాటు లేదు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అబ్బాయి పిక్కల గుట్టంతా తోసేశాడు. "మీ ధాటికి ఆగలేమండీ" అని ముక్కలు బోర్లా పడేశాను. అతను నా వైపు వంగి, రహస్యంగా, "మీరు కళ్లజోడు తీశారంటే భయపడ్డట్టే మావయ్యగారూ, నేను కనిపెట్టేశాను" అన్నాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు అచ్చం ఆ రాజోలు పంతులే కనిపించి, పిచ్చి ప్రేమ పుట్టుకొచ్చింది. పెద్దల్లుడు రేపు వస్తున్నాడని మాత్రం చెప్పలేదు.