నాలుగింటికి మూసే తలుపు

ఆ దర్జీ ఆవిడ నెల తప్పేదాకా తమ్ముడి గురించి ఒక్కరోజూ తలదించుకోలేదు. ఇరవై నాలుగేళ్లవాడు, రోజుకు పట్టుమని పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆటిజం అన్నారు డాక్టర్లు. ఎండైనా వానైనా సరిగ్గా నాలుగింటికి ఇంట్లోంచి బయల్దేరి అక్క దుకాణానికి వచ్చేవాడు. రేకు డబ్బాలోని గుండీలను రంగులవారీగా వేరుచేసి వెళ్ళేవాడు. వాడు వెళ్ళగానే ఆవిడ అన్నీ మళ్ళీ కలిపేసేది, మర్నాటికి వాడికి పనుండాలి కదా.

మూడో నెలలో అత్తగారు చల్లగా చెవిలో వేసింది.

"కడుపుతో ఉన్నదానివి. అస్తమానం వాణ్ణే చూస్తూ కూర్చుంటే బిడ్డకి మంచిది కాదమ్మా."

అత్తగారిని అని ఏం లాభం? ఆ భయం ఈవిడ గుండెలో అప్పటికే తిష్ఠ వేసుకుని ఉంది. ఇది మా రక్తంలోనే ఉందేమో, నా బిడ్డా ఇలాగే పుడితే ఎలా అని కుమిలిపోతూ కుట్టిన కాలరునే విప్పి మళ్ళీ కుట్టేది. చివరికి తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, కాన్పయ్యేదాకా వాణ్ణి ఇటు పంపకు."

"వాడికేం చెప్పనే?"

"అక్క ఊళ్లో లేదని చెప్పు."

మొదట్లో వాడు ఇంటి గుమ్మం దగ్గర నుంచుని అరిచాడు, చేతులు రక్తాలొచ్చేలా కొరుక్కున్నాడు. తల్లి రోజూ నాలుగింటికి తలుపు మూసి, ఆ మాటే వాడిచేత పదిసార్లు చెప్పించేది. రెండు నెలలు తిరిగేసరికి తలుపు వాడే మూయసాగాడు. హమ్మయ్య, దారిలో పడ్డాడనుకుంది తల్లి.

ఆరో నెలలో ఆవిడ ఉండబట్టలేక డాక్టరమ్మను అడిగేసింది.

"ఇంట్లో ఒకరికి ఉంటే అవకాశం కాస్త పెరుగుతుంది. తప్పకుండా వస్తుందని కాదు, రాదనీ చెప్పలేం. పుట్టకముందు స్కానింగులో తెలిసేదీ కాదు. కానీ ఎవర్నో చూస్తే వచ్చేది మాత్రం కాదమ్మా" అంది డాక్టరమ్మ.

భయం భయంలాగే ఉండిపోయింది. దానికి తోడు సిగ్గు ముంచుకొచ్చింది. వాడు నన్నేం చేశాడని ఇంత పని చేశాను అని రోడ్డు మీదే ఏడ్చింది. దుకాణం తెరిచి, డబ్బా తీసుకుని తిన్నగా పుట్టింటికి నడిచింది.

నాలుగు కావస్తోంది. తలుపు మూయడానికి వచ్చిన తమ్ముడికి ఆవిడ డబ్బా చూపించింది.

"నేనేరా, అక్కని. పద, దుకాణానికి పోదాం."

వాడు డబ్బా వంక చూశాడు. నేర్పిన పాఠం తప్పుల్లేకుండా అప్పజెప్పాడు.

"అక్క ఊళ్లో లేదు."

తలుపు మూసి గడియ పెట్టాడు.