స్టీలు లోటాలో కాఫీ

సుభద్రమ్మ మదనపల్లె మండీలో టమోటాలు ఏరే మనిషి. రొమ్ములో క్యాన్సర్ గడ్డ వస్తే కుప్పంలో ఆపరేషన్ చేయించుకుని బతికి బయటపడింది. ఈమధ్య పుంగనూరులో కొత్తగా క్యాన్సర్ పరీక్షలు మొదలుపెట్టారు. యంత్రం వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది, రావలసింది ఆడవాళ్లే. జబ్బు పడి లేచిన మనిషి పిలిస్తే వస్తారని, పల్లెలు తిరిగే పని సుభద్రమ్మకు అప్పగించారు.

రావడం మాట దేవుడెరుగు, ఆ జబ్బు పేరు పలకడానికే జంకుతారు. ఏ ఇంటికి పోయినా కాఫీ మాత్రం ఇస్తారు. ఇంట్లోవాళ్లకు లోటాల్లో, ఆమెకు ఎప్పుడో పెళ్లిలో మిగిలిన పేపర్ కప్పులో. తాగాక పారేయొచ్చు కదా! అంటుకునే రోగం కాదని చెప్పి చెప్పి ఆమె నోరు నొప్పెట్టింది. సాయంత్రం బస్సు కోసం ఒక్కతే నిలబడినప్పుడు ఆ కప్పులు గుర్తొచ్చి ఒళ్లు మండేది.

ఆ రోజు పెద్దపంజాణి దగ్గర ఒక ఇంట్లో రూప అనే కోడలు స్టీలు లోటాలో కాఫీ తెచ్చింది. సుభద్రమ్మ ఎత్తి పోసుకోలేదు. రెండు చేతులా పట్టుకుని, పెదవి ఆనించి, చివరి చుక్క దాకా తాగింది.

“నువ్వొకతివన్నా నా మాట నమ్మినావు తల్లీ” అంది.

రూప వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

“అది నా లోటామ్మా. రొమ్ములో గడ్డ ఉండాదని చెప్పినప్పట్నించి ఇంట్లో దాన్ని ఎవురూ ముట్టుకోరు.”