తాత చెప్పని కాటు

తాండూరు బస్టాండు బయట ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయల వాసన వస్తే చాలు, బస్సెక్కబోయేదాన్ని ఆగిపోతాను. యాలాల్ దగ్గరి మా ఊళ్లో చలికాలం పొద్దులు, జొన్నరొట్టెలు కాలే పొగ, గింజలన్నీ నాకు దక్కకుండా బుగ్గల నిండా కుక్కుకునే మా చెల్లె సునీత, అన్నీ ఒక్కసారే ముందుకొస్తాయి.

ఆ ఏడు వానలు వెనకబట్టిన రోజుల్లో ఊళ్లో ఒక పిచ్చికుక్క పడింది. మా కొట్టంలో ఎద్దును కరిచి, అడ్డమొచ్చిన సునీత మడమ మీద పన్ను గీరి పోయింది. అమ్మ పసుపూ సున్నమూ అద్దింది, అంతే.

మరునాడు పశువుల డాక్టరు వచ్చాడు. కుక్క ఎటునుంచి వచ్చింది, ఎటు పోయింది, ఏ తొట్టి దగ్గర ఏ గొడ్డును పట్టింది అని ఇల్లిల్లూ అడుగుతూ, కాటు పడ్డ ప్రతి పశువు కొమ్ముకూ ఎర్రరంగు పూయించి సూదులు వేస్తుంటే, పిల్లలమంతా జాతర చూసినట్టు వెంట తిరిగాం. పక్క ఊళ్లకూ కబురు పంపాడు. మా అరుగు మీద కూర్చున్న తాత ముందు ఆగి, "పటేలా, పిల్లలనేమన్న కరిచిందా?" అన్నాడు.

తాతకు రోషమొచ్చింది. పటేలింటి పిల్లను గొడ్ల డాక్టరుకు చూపించడమా!

"మనుషుల సంగతి నీకెందుకయ్యా? గొడ్లను జూడు."

దర్వాజ వెనక నుంచి అమ్మ, "మామా, పిల్ల కాలు..." అనబోయింది.

"నువ్వు లోపటికి నడువ్!"

కందిచేలు కాయ పట్టేసరికి సునీతకు జ్వరమొచ్చింది. నీళ్ల చెంబు చూస్తే వణికిపోయింది. వికారాబాద్ ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, కుక్క కరిచిందా అని. నాయిన సునీత మడమ మీది గీత చూపించాడు. అప్పుడే సూదులు వేయిస్తే బతికేదని ఆమె చెబుతుంటే అమ్మ గోడకు తల కొట్టుకుంది. సునీత ఇంటికి రాలేదు.

సూదులు పడ్డ ఎద్దు ఏండ్ల తరబడి మా చెలక దున్నింది. అమ్మ మళ్లీ ఎన్నడూ తాతను 'మామా' అని పిలవలేదు. నాకైతే ఆ ముసలాయన మీద మంట ఇప్పటికీ చల్లారలేదు. పరువట, పరువు!

ఇప్పుడా కొట్టంలో ట్రాక్టరు నిలబడుతుంది. ఎద్దులు పోయాయి, పటేలిరికం పోయింది, ఇల్లిల్లూ తిరిగి అడిగే ఆ డాక్టరూ లేడు. కుక్కలు మాత్రం ఉన్నాయి. మొన్న పక్కింటి బర్రెను కుక్క కరిచిందని తెలియగానే, వాడకట్టు పిల్లలందరినీ వాకిట్లో వరుసగా నిలబెట్టి కాళ్లూ చేతులూ వెతికాను.

"ఏందత్తా, మేమేమన్న గొడ్లమా?" అని ఒకడు కిసుక్కున నవ్వాడు.

"గొడ్డే అనుకోరా. కాలు జూపియ్యి."