ముందు నది సంగతి, తర్వాత పందులు

ఇది ఎవరికీ చెప్పలేదు. పెళ్ళి సంబంధం వద్దనడం నేను నేర్చుకున్నది పంతొమ్మిదో శతాబ్దంలో, అమెరికాలో ఒక నది ఒడ్డున పందులు పెంచుకుని బతికిన కుటుంబం దగ్గర.

నాచారం పారిశ్రామిక వాడలో, అట్టపెట్టెలు చేసే షెడ్డు పైన మా ఆఫీసు. అమెరికావాళ్ళ పాత ఉత్తరాల ఫొటోలు వస్తాయి, మేం చూసి టైపు చేస్తాం. తప్పులున్నా దిద్దకూడదు. "ఏముంటే గదే కొట్టు. నువ్వు పంతులమ్మవు గాదు" అని మా టీమ్ లీడర్ మొదటిరోజే చెప్పాడు.

ఆ పందుల కుటుంబంలో పెద్ద కూతురు పెళ్ళయి నది దిగువకి వెళ్ళిపోయింది. తల్లికి ఆమె రాసిన ఉత్తరాలు నా వంతుకి వచ్చాయి. ముందు నది సంగతి: మంచు కరిగిందా, ఆవిరి పడవ వచ్చిందా. తర్వాత అందరి ఆరోగ్యాలు, పందులు, సబ్బు వండటం, పిండి ధర. ఒక ఉత్తరంలో, సంతకానికి ముందు ఒక్క ముక్క: చిన్నబాబు జ్వరంతో పోయాడు.

"పందుల ముచ్చట గంత రాసి, పిల్లగాని ముచ్చట గింతేనా? ఏం మనిషే ఈమె" అంది పక్క సీటు అమ్మాయి. ఆమెది ఉప్పలే.

నాకు వింతగా అనిపించలేదు. భీమవరంలో ఉన్న పిన్నితో మా అమ్మ ఫోన్లో మాట్లాడేదీ ఇలాగే. కుళాయి నీళ్ళు, కూర, మోకాళ్ళు. పెట్టేసే ముందు "అన్నట్టు" అని అసలు సంగతి.

నా పెళ్ళి సంబంధమూ పిన్ని ఫోన్లో ఒక "అన్నట్టు" తర్వాతే వచ్చింది. అబ్బాయిది సైనిక్‌పురి. ఆదివారంలోగా మా మాట చెప్పాలి. పెళ్ళయ్యాక నేను ఉద్యోగం మానెయ్యాలన్నది వాళ్ళ ఒకే ఒక్క కోరిక. అది కూడా చాలా మర్యాదగా, పెళ్ళిచూపుల్లో కాఫీ బాగుందన్నాకే చెప్పారు. అబ్బాయి నా అలమారాలో పుస్తకాలు చూసి, ఇవన్నీ పరీక్షలకా అని అడిగాడు. తలూపాను. అణకువ గల పిల్లనని అందరూ మెచ్చుకున్నారు. డైరీలో మాత్రం రోజూ వద్దని రాసుకున్నాను. మా ఇంట్లో నా డైరీ ఎవరూ ముట్టుకోరు, అంత మంచివాళ్ళు.

శనివారం సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ వంటింట్లో టమాటాలు తరుగుతోంది. గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టాను. మెట్రో స్టేషన్ కింద నీళ్ళు నిలిచాయన్నాను. మా సందులోకి ట్యాంకర్ ఇంకా రాలేదన్నాను. ఎదురింటి ఆంటీకి దగ్గు తగ్గిందన్నాను. ఇక చెప్పడానికి ఊళ్ళో ఏమీ మిగల్లేదు.

"అన్నట్టు, ఆ సంబంధం నాకొద్దమ్మా. ఉద్యోగం మానను."

అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది.

"ఆంటీ దగ్గు నువ్వెప్పుడు పట్టించుకున్నావే? అప్పుడే అనుకున్నా, ఏదో ఉందని. సరే, ఆ పొయ్యి కాస్త తగ్గించి ఫోన్ ఇలా ఇవ్వు. ముందు పిన్నిని అక్కడ వానలెలా ఉన్నాయో అడుగుతాను."