ఆయన పేరున వచ్చిన కవరు

మంగళవారం ఉదయం సరిగ్గా పది గంటలకు మలేషియాలోని క్లాంగ్ కోర్టులో నన్ను పిలిచారు. చనిపోయిన మా ఆయన ఆస్తి మీద పన్ను నోటీసు ఆయన పేరునే వచ్చింది. సంవత్సరీకం పెట్టేదాకా పోయినవారి పేరున వచ్చిన కవరు మా ఇళ్లలో చింపరు. ఫొటో ముందు పెట్టి ఉంచాను. దాంతో అప్పీలు గడువు దాటిపోయింది. కోర్టు గడువు పొడిగించకపోతే ఇల్లు అమ్మి పన్ను కట్టాల్సిందే.

"సదువు రాదని సెప్పీయమ్మా, సాలు లా," అని నేను లేవబోతుంటే నా కొడుకు మలై యాస కలిపి నా చెవిలో అన్నాడు.

అరవయ్యో ఏట అక్షరాలు దిద్దినదాన్ని. చదవలేకే ఊరుకున్నావా అని జడ్జి దుబాసీ చేత అడిగించారు.

"సదవగలను. ఆయన కవరు నానేటికి సింపుతాను?" అన్నాను.

గడువు పొడిగించడం కుదరదన్నారు జడ్జి. ఆ మాట అన్నప్పుడు అక్కడున్నది దుబాసీ, ఇద్దరు లాయర్లు, నా మొహం చూడని నా కొడుకు, నేను.