కాళ్ళు ముడిచిన దుర్యోధనుడు

మొన్న మంగళవారం పొద్దున మా మామ పోయాడు. తిరుత్తణి పక్కన మా ఊరిలో మగ్గం నేస్తూ, ఏటా భారతం ఉత్సవాల్లో దుర్యోధనుడి వేషం కట్టిన మనిషి. మీలో కొందరు చూసే ఉంటారు. నాలుగు మంచి మాటలు రాయమన్నారు. రాస్తాను గానీ, ఆయన ఆట చెడగొట్టిన వాళ్ళలో నేనూ ఒకణ్ణి. అది ముందే చెప్పడం మర్యాద.

ఉత్సవాల చివర దుర్యోధన వధ రోజు ఉదయం ఊరి బయట మిట్ట మీద నలభై అడుగుల మట్టి దుర్యోధనుణ్ణి వెల్లకిలా పడుకోబెట్టేవాళ్ళం. మామ గద పట్టుకుని దాని చుట్టూ పరిగెత్తేవాడు, వెనకాల భీముడు. జనంలోకి దూరి ఏ ముసలమ్మ వెనకో నక్కి, "నన్ను చూపీయొద్దు తల్లీ" అనేవాడు. ఆమె నిజంగానే కొంగు అడ్డం పెట్టేది. "నేను పరిగెత్తితే ఊరు పక్కకి జరగాల. అదే నా ఆట" అనేవాడు మామ. మట్టి తొడ మీద గద పడగానే ఆడవాళ్ళు గింజలకు కొదవుండదని ఆ మట్టి పిడికెడు గాదెలో వేసుకోవడానికి ఎగబడేవారు.

మద్రాసులో నాటకాలు చూసొచ్చిన మా కుర్రకారుకు ఇదంతా మోటుగా కనిపించింది. మిట్ట మీద సిమెంటు వేదిక కట్టించాం. మూడు గోడలు, పైన రేకులు, ముందు కుర్చీలు. తీరా చూస్తే మట్టి బొమ్మ పడుకునే చోటే వేదిక లేచింది. బుర్ర ఉన్నవాడైతే బొమ్మను పక్కకి జరుపుతాడు. మేం పొట్టి బొమ్మ చేయించి, అదీ పట్టకపోతే కాళ్ళు ముడిపించి, వేదిక మీదికి ఎక్కించాం.

మామ వచ్చి చూశాడు.

"తొడ మీద కొట్టాల్సినోడికి మోకాళ్ళు లేపి పెట్టినారే. భీముడు యాడ కొడతాడు?"

"కొంచెం అడ్జస్టు చేసుకో మామా" అన్నాను నవ్వుతూ.

ఆ రోజు మామ నాలుగడుగులు పరిగెత్తేసరికి గోడ వచ్చింది. తిరిగాడు, ఇంకో గోడ. కుర్చీల్లో వాళ్ళు చేతులు కట్టుకుని చూశారు. దాచమని అడగడానికి ఆయన ఎవరి దగ్గరికీ రాలేకపోయాడు. మరుసటి ఏడు పిలిస్తే, "మీరు కూసునేసినారు గదప్పా, ఇంక లెయ్యరు" అన్నాడు. మళ్ళీ గద పట్టకుండానే పోయాడు. ఆ వేదిక తీసేద్దామని ఒక్కసారైనా నోరు తెరవనందుకు నాకు సిగ్గుగా ఉంది.

మంగళవారం వాకిట్లో అందరూ నిలబడే ఉన్నారు. శవం పక్కన కూర్చున్న అత్త తలెత్తి నన్ను చూసి, కూతుర్ని పిలిచింది. "ఆయప్పకి కుర్చీ తెచ్చెయ్యి పాపా. వాళ్ళకి కూసోని చూసేది అలవాటు." ఆ గొంతులో కోపం కూడా లేదు. ఆ అమ్మాయి తెచ్చి వేసింది. నేను కూర్చోలేదు, తీసి పక్కన పెట్టడానికీ చేయి రాలేదు. పాడె మోసేవాళ్ళు ఆ ఖాళీ కుర్చీని తప్పుకుని వీధిలోకి దిగారు.