ముందు తల్లికి నీళ్లు

తెల్లదొరల కాలంలో, గిద్దలూరు దగ్గర మా అత్తగారింట్లో నా రెండో కాన్పు అయింది. పుట్టింటికి పోదామంటే మా అమ్మ చనిపోయి ఏడాది కూడా కాలేదు. తొలిచూలు కొడుకు మూడో నెలలోనే పోయినాడు. మా ఆయనేమో నంద్యాల దగ్గర రైలు పట్టాల పనిలో ఉన్నాడు.

ఆడబిడ్డ పుట్టిందని అందరూ సంబరపడినారు. నేను మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాను. పాప ఏడిస్తే పాలిచ్చేదాన్ని గానీ, ముఖం చూసేదాన్ని కాదు. చూస్తే ఇది కూడా పోతుందేమోనని భయం.

“గాలి సోకింది, తాయెత్తు కట్టిద్దాం,” అన్నది మా అత్త.

కాన్పు చేసిన మంత్రసాని పాపకు నీళ్లు పోయడానికి వచ్చి ఆ మాట విన్నది. “గాలీ లేదు, ధూళీ లేదక్కా. తల్లి లేని పిల్ల. ఒక బిడ్డను మట్టిలో పెట్టింది. మొగుడు దగ్గర లేడు. మనసు ఎట్ల నిలబడుతుంది?” అన్నది.

ఆ రోజు పాపను పక్కన పడుకోబెట్టి, ముందు నాకు నీళ్లు పోసింది. వెన్ను రుద్దుతూ, “పోయినోడి పేరేంది బిడ్డా?” అని అడిగింది.

ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. చెప్పినాను. చెప్పి వెక్కి వెక్కి ఏడ్చినాను. ఆమె నా తడి తలను ఒడిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నది.

వెంటనే కోలుకోలేదు. ఆమె రోజూ వచ్చింది. మా అత్తే కార్డు రాయించి మా ఆయనను పిలిపించింది. జొన్నలు కోతకొచ్చే నాటికి, ఒక పొద్దున పాపను ఎత్తుకుని తేరిపార చూసినాను. చెవి వెనక చిన్న పుట్టుమచ్చ ఉంది. అన్ని రోజులూ నాకు తెలియనే తెలియదు.